ఫహల్ అంటే ఫలం కాదు

నాకు షుగరు వచ్చి పద్దెనిమిదేళ్ళు. మా ఇంట్లో తీపి వస్తువులన్నీ నా చేతికందని ఎత్తులో ఉంటాయి. తాళాలు అక్కర్లేదు, మా ఆవిడ చూపు చాలు. అలాంటిది పోయిన నెల కువైట్ నుంచి వచ్చిన ఎదురింటివాళ్ళు ఒక సీసా ఇచ్చిపోయారు. ఖర్జూరం పాకం. మా ఆవిడ ఏదో పెళ్ళికి వెళ్ళిన అరగంటకి నేను స్టూలు వేసుకుని, సీసా దించి, ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. బాగానే ఉంది. ఫ్యాక్టరీ సరుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. కానీ నేను వెతికిన రుచి అది కాదు. ఎర్రగా, పొగవాసనతో, నాలిక చివర సున్నం కొద్దిగా తగిలే పాకం ఒకటి నలభై ఏళ్ళ కిందట తిన్నాను. అది గుర్తొచ్చి, దాన్ని కాచిన మనిషి గుర్తొచ్చి, చెంచా పట్టుకుని స్టూలు మీదే నిలబడిపోయాను. పెళ్ళి నుంచి మా ఆవిడ తిరిగొచ్చింది. తర్వాత జరిగింది ఇక్కడ అనవసరం.

ఆయన పేరు రాయను. ఊళ్ళో పిల్లలున్నారు, మనవలున్నారు, వాళ్ళకి నచ్చుతుందో లేదో. అక్కడ అందరూ ఆయన్ని గౌడ అనేవాళ్ళు. నేను గౌడన్నా అనేవాణ్ణి. జగిత్యాల దగ్గర పల్లె, కులవృత్తి కల్లుగీత. నేను నెల్లూరు నుంచి వెళ్ళి, దుబాయ్‌కి అవతలి తీరాన ఖోర్ ఫక్కాన్‌లో డీజిల్ పంపులు బాగుచేసేవాణ్ణి. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. ఆయన పోర్టు పనికి పార పట్టుకుని వచ్చాడు. పోర్టు పని అయిపోయాక ఆ బ్యాచి మొత్తాన్ని దుబాయ్‌లోని అల్ కుసైస్ క్యాంపుకి లారీలో ఎక్కించారు. ఈయన ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో నా కళ్ళతో చూశాను. ఊరి వెనక కొండల మధ్య వాగులో ఒక ముసలాయనకి చిన్న ఖర్జూరం తోట ఉంది. తోట యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. ఆ అర్బాబ్ ఒకరోజు చెట్లెక్కే తాడు భుజాన వేసుకుని, ఎక్కడానికి మనిషి కావాలని మా వర్క్‌షాపు ముందు అడుగుతున్నాడు. గౌడ ఆ తాడును చూశాడు. నడుము ఆనే చోట వెడల్పుగా అల్లిన నారతాడు. జగిత్యాలలో దాన్ని మోకు అంటారు. ఆయన ఏమీ అడగలేదు. ముసలాయన భుజం మీంచి తాడు తీసుకుని, వాసన చూసి, రోడ్డు పక్కనున్న ఖర్జూరం చెట్టుకీ తన నడుముకీ కలిపి కట్టుకుని, నేను బీడీ ముట్టించేలోపల తల దాకా ఎక్కేశాడు. పైనుంచి నన్ను పిలిచి చెప్పాడు.

"తమ్మీ, నేను ఈడనే ఉంట అని చెప్పు ఆ పెద్దమనిషికి."

జూన్ నెల అది. కాయ పండే కాలం. ఆయన తోటలో చేరినప్పుడు గెలలన్నీ నిండుగా వేలాడుతున్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను శుక్రవారం శుక్రవారం ఆ తోటకి పోయేవాణ్ణి, పంపు చూడ్డానికి. పంపుకి అంత వైద్యం అక్కర్లేదు. ఆయనతో కూర్చోవడం నాకు ఇష్టం. ఎత్తు ఎంతైనా ఆయన తాటిచెట్లలో కొలిచేవాడు. ఈ కొండ ఎంతుంటుందన్నా అంటే, ఇరవై తాళ్ళుంటది అనేవాడు. దుబాయ్‌లో కొత్తగా కట్టిన పెద్ద బిల్డింగు చూపించడానికి ఒకసారి తీసుకుపోతే, తలెత్తి చాలాసేపు చూసి, "పది తాళ్ళు దాటింది తమ్మీ, కానీ ఎక్కినోనికి ఏం దొరుకుతది?" అన్నాడు.

చెట్టు ఎక్కబోయే ముందు దాన్ని తాకి కళ్ళకద్దుకునేవాడు. దిగాక అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. ఎంత అలసిపోయినా చెట్టుకి వీపు ఆనించి కూర్చోవడం నేను చూడలేదు. ఒకసారి నేను ఆనుకుంటే కసిరాడు, పనిచేసేటోళ్ళ మీద ఒరుగుతమా అని. అర్బాబ్‌తో అచ్చమైన జగిత్యాల తెలుగులో మాట్లాడేవాడు. అర్బాబ్ అచ్చమైన అరబ్బీలో జవాబు చెప్పేవాడు. ఇద్దరూ తలలూపుకునేవాళ్ళు. నీళ్ళు పెట్టడానికీ, మట్టలు కొట్టడానికీ, గెల దించడానికీ వాళ్ళకి నా అవసరం ఎప్పుడూ పడలేదు. నా అవసరం పడింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ నేనే కొంప ముంచాను.

డిసెంబరులో చలి మొదలైంది. మనిషి ఉన్నట్టుండి ముభావంగా తయారయ్యాడు. కూర్చున్నచోట కూర్చునేవాడు కాదు. చేతివేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఉండేవాడు. ఏమైందన్నా, ఒంట్లో బాగాలేదా అంటే, ఒంటికేం కాలేదు, చేతులు గుంజుతున్నయి అన్నాడు. ఊళ్ళో ఈత చెట్లు పారే కాలం, అంటే గీస్తే కల్లు దిగే కాలం అది. పదమూడేళ్ళ వయసు నుంచి ఏ చలికాలమూ ఆయన కత్తి పట్టకుండా గడపలేదట. తోట మూలన ఒక చెట్టు చుట్టూ తిరుగుతున్నాడని కూడా నేను గమనించాను. అది మిగతా చెట్లకంటే లావు, గుబురు. గెల మాత్రం లేదు. ఎండిపోయిన పాత పూకాడలు తప్ప దాని మీద ఇంకేమీ లేవు.

"పోతు చెట్టు ఇది," అన్నాడు. "కాయ లేదు, కడుపు లేదు, ఊకె నిలబడ్డది. గీస్తే తేనె కారుతది తమ్మీ. ముసలాయన్ని ఒక్క మాట అడుగు."

కల్లు గీశావంటే నిన్నూ నన్నూ కలిపి లోపల వేస్తారన్నా, అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. డబ్బాకి లోపల సున్నం పూస్తే చెట్టు నుంచి దిగే నీరు పులిసి కల్లు కాదట. పొద్దున ఎండ పడకముందే దించి పొయ్యి మీద పెడితే సాయంత్రానికి పాకం అవుతుందట. ముసలాయన రొట్టెలో అద్దుకుని తింటాడని ఆయన ఆశ. అర్బాబ్‌కి పళ్ళు సగం ఊడాయి. కళ్ళకి పొర కమ్మింది. ఆపరేషనుకి బొంబాయి పోతున్నాడు, రెండు నెలలు రాడు. వచ్చేసరికి డబ్బా నిండా పాకం చేసి ఉంచాలని గౌడ పట్టుబట్టాడు.

సరే, అడుగుతానన్నాను. నెల్లూరు సాయిబుల ఉర్దూ ఎలా ఉంటుందో హైదరాబాదు వాళ్ళనడిగితే నవ్వుతారు. కానీ ఆ వాగులో నేనే పెద్ద దుబాసీని. ఉర్దూ వచ్చు, సైట్లలో ఏరుకున్న అరబ్బీ ముక్కలు వచ్చు, అన్నిటికీ మించి నాకు వచ్చన్న పొగరుంది. అర్బాబ్ బొంబాయి ప్రయాణానికి పికప్ ఎక్కుతుండగా అడ్డం పోయి, ఆ మూల చెట్టు చూపించి, గౌడ దాన్ని కోస్తానంటున్నాడు అని సగం ఉర్దూలో, సగం అరబ్బీలో, చేతులతో చెప్పాను. ఆయన కిటికీలోంచి చెట్టు వైపు చూశాడు. ఇంజను మోతలో ఒకే మాట అన్నాడు.

"హాదా ఫహల్. మాఫీ గస్."

బండి కదిలిపోయింది.

నేను విన్నది ఇది: ఫల్, మాఫీ, ఘాస్. ఉర్దూలో ఫల్ అంటే పండు. మాఫీ అంటే లేదు, అది అక్కడ మొదటి రోజే నేర్చుకుంటాం. ఘాస్ అంటే ఉర్దూలో గడ్డి. ఇంతకంటే తేలికైన మాట ఉంటుందా? గౌడ దగ్గరికి ఠీవిగా నడిచిపోయి, "పండు లేదంట అన్నా, గడ్డితో సమానమంట, కోసుకోమంటున్నాడు," అన్నాను. ఆ చివరి ముక్క నేను కలిపింది. దుబాసీ అన్నాక సొంతంగా ఒక ముక్క కలపకపోతే చేతులు ఊరుకోవు.

ఆ మర్నాడే ఆయన కత్తి నూరాడు. చెట్టు తల కింద ఒక పక్క మట్టలు తీసి, లేత చోట రెండు వేళ్ళ లోతున చెక్కి, రెల్లు గొట్టం దోపి, సున్నం పూసిన పాలపొడి డబ్బా కట్టాడు. మూడోరోజు నుంచి నీరు దిగడం మొదలైంది. తెల్లారకముందే దించేవాడు. పెద్ద అల్యూమినియం దేగిశాలో పోసి, ఎండు మట్టల మంట మీద పెట్టి, నురగ తీస్తూ కూర్చునేవాడు. శుక్రవారాలు గరిటె నా చేతికిచ్చేవాడు. కలపడం నాకు రాదని ఆయన అభిప్రాయం. అంచులు వదిలేస్తానట. నీరులాంటి రసం గంట తర్వాత టీ రంగుకి, ఇంకో రెండు గంటలకి రాగి రంగుకి తిరిగేది. ఊళ్ళో అయితే బెల్లం అయ్యేదాకా కాచేవాళ్ళు. ఇక్కడ ముసలాయన కోసం ముందే ఆపాలి. వేళ్ళ మధ్య పట్టి చూసి, తీగ సాగీ సాగనప్పుడు దేగిశా దించేసేవాడు. "కారాలె, ఉరకొద్దు," అనేవాడు. పది డబ్బాల నీరు కాస్తే ఒక డబ్బా కూడా మిగిలేది కాదు. ఆ రెండు నెలలూ ఆయన ఈల వేసుకుంటూ తిరిగాడు. మొదటి పాకం ఒక గరిటెడు నా అరచేతిలో పోసి, నేను నాకేదాకా నా మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆ రుచే నేను మొన్న స్టూలెక్కి వెతికింది.

ఒక సెలవురోజు పాత బ్యాచివాళ్ళు ఒకరిద్దరు క్యాంపు నుంచి వచ్చి, కల్లు కోసం ఒక్క డబ్బా సున్నం లేకుండా కట్టమని బతిమాలారు. ఆయన కత్తి ఊపుతూ వాగు దాటేదాకా తరిమాడు.

ఫిబ్రవరి చివర్లో అర్బాబ్ బొంబాయి నుంచి వచ్చాడు. కొత్త కళ్ళద్దాలు. ఎంత సంతోషంగా ఉన్నాడంటే, నా చొక్కా రంగు ఇదా అని నవ్వాడు. పంపు గది నీడన చాప పరిచి, గౌడ వేడి ఖుబ్బూస్ రొట్టె, గాజు గ్లాసులో పాకం పెట్టాడు. ముసలాయన ఒక ముక్క అద్దుకుని తిని కళ్ళు మూసుకున్నాడు. "అసల్," అన్నాడు. తేనె అని. రెండో ముక్క, మూడో ముక్క. ఎక్కడిది ఇది అని అడిగాడు. గౌడ లేచి నిలబడి, పెళ్ళికొడుకులాగా నవ్వుతూ, తోట మూలకి చెయ్యి చూపించాడు.

అర్బాబ్ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"ఫహల్," అన్నాడు. ఈసారి ఇంజను మోత లేదు. మధ్యలో గొంతులోంచి వచ్చిన ఆ హకారం నాకు స్పష్టంగా వినబడింది.

నాకు నిదానంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఫహల్ అంటే మగ చెట్టు. ఖర్జూరాల్లో మగ చెట్టు పూత కోసి, ఆడ చెట్ల పూతలో మనిషి చేత్తో కట్టాలి. అప్పుడే కాయ. ఆ పని చెయ్యాల్సింది సరిగ్గా ఇప్పుడే. నలభై చెట్ల తోటకి అదొక్కటే ఫహల్. ఏటా ఇరవై పూతలు వేసే చెట్టు ఈసారి ఒక పక్కన మూడు పీల పూతలు వేసింది. గస్ అంటే కోత. మాఫీ గస్ అంటే కొయ్యొద్దు. జూన్‌లో వచ్చిన గౌడ ఆ పూత కట్టడం ఎన్నడూ చూడలేదు. ఊళ్ళో ఈత చెట్లకి ఆ పని గాలే చేస్తుంది. పోతు చెట్టు అంటే ఆయనకి గీసుకునే చెట్టు, అంతే.

"కొయ్యొద్దని నీతో చెప్పాను. నువ్వు ఇతనికి చెప్పావా లేదా?" అని అర్బాబ్ నన్ను అడిగాడు.

గౌడ మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. ఏమంటుండు అని అడిగాడు. కొయ్యొద్దన్నాడంట అన్నా, నేనే తప్పు... అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్క క్షణం ఆ చెట్టు వైపు చూశాడు. తర్వాత నాతో అన్నాడు.

"నువ్వు చెప్పినవు, నేనే ఇనలేదు. గట్లనే చెప్పు."

నేను తర్జుమా చేశాను. ఒక్క అక్షరం పొల్లు పోకుండా చేశాను. నా జన్మలో అంత సరైన తర్జుమా నేను మళ్ళీ చెయ్యలేదు. సిగ్గుతో ఇవాళ్టికీ చెవులు కాలతాయి.

ఖలాస్, అన్నాడు అర్బాబ్. పాస్‌పోర్టు తీసుకుని ఇంటికి పొమ్మన్నాడు. గౌడ కదల్లేదు. చెట్లు కాసేదాకా ఆగమని నాతో చెప్పించాడు. ఒక్క చెట్టు వట్టిగ పోయినా అప్పుడు పంపమన్నాడు. ముసలాయన గడ్డం నిమురుకుని తలూపాడు. సరేనని అర్థం. పాకం గ్లాసు మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళాడు. దానికి చీమలు పట్టాయి.

ఆ సాయంత్రం నేను ఏడ్చినంత పని చేశాను. రేపే పోయి అర్బాబ్‌కి నిజం చెప్పేస్తానన్నాను. గౌడ తాడు ముడులు చూసుకుంటూ తలెత్తకుండానే మాట్లాడాడు.

"నువ్వు చెప్తే ఇద్దరం పోతం. నాకు మాట రాదు, చెట్టు వస్తది. నీకు చెట్టు రాదు, మాట వస్తది. రేపటి సంది ఇంటింటికి తిరిగి అడిగేది ఉన్నది. నువ్వు పోతే ఎవడు అడుగుతడు?"

నాకు మాట వస్తుందని, ఆ రోజు కూడా అన్నాడాయన.

మర్నాటి నుంచి, సాయంత్రం వర్క్‌షాపు మూశాక, వాగు పొడుగునా ఉన్న తోటలన్నీ తిరిగాం. మీ చెట్లకి ముళ్ళు తీసి, మట్టలు కొట్టి పెడతాడు, బదులుగా మీ ఫహల్ పూత ఒక్కటి ఇవ్వండి అని అడిగేవాణ్ణి. ఆ మాట ఎంత జాగ్రత్తగా పలికేవాణ్ణో, గొంతు నొప్పి పుట్టేది. అక్కడి ముసలివాళ్ళకి ఎక్కే మనుషులు కరువు. ఈయన ఎక్కడం చూసి కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. పూత రెమ్మలు తలగుడ్డలో చుట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు. గోధుమపిండి లాంటి వాసన. నాకు తుమ్ములు ఆగేవి కావు. అన్ని చెట్లూ ఒకేసారి పూయవు, ఒక్కో చెట్టులో కూడా ఒక్కో పూత ఒక్కోరోజు విచ్చుకుంటుంది. విచ్చుకున్న రోజే రెమ్మ పెట్టి కట్టాలి. నెల పైన రోజుకి పదిహేనుసార్లు ఎక్కి దిగాడు. నడుం మీద తాడు ఒరుసుకుని పుండు పడింది. అర్బాబ్ రోజూ వచ్చేవాడు. కింద నిలబడి కర్రతో చూపిస్తూ అరబ్బీలో తిట్టేవాడు, గౌడ పైనుంచి తెలుగులో సమాధానం చెప్పేవాడు. పది రోజులకి తిట్లు తగ్గాయి. నెల తిరిగేసరికి ముసలాయనే కూజాతో మంచినీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పెట్టడం మొదలుపెట్టాడు.

పంపు గది పక్కన ఒక పొట్టి చెట్టు ఉంది. కింద నిలబడితే చెయ్యి అందుతుంది. అది నేను కడతానన్నా అని బతిమాలాను. ఏదో ఒకటి నా చేత్తో చెయ్యాలని. ఆయన చూపించాడు, నేను కట్టాను.

జూలైలో తోట నిండా కాయ. తాళ్ళు కట్టి నిలబెట్టాల్సినంత బరువు గెలలు. అర్బాబ్ బుట్ట పట్టుకుని ఒక్కో చెట్టూ చూస్తూ వచ్చాడు, వెనకాల మేమిద్దరం. చివరిది పంపు గది పక్క పొట్టి చెట్టు. దానికి మూడు గెలలున్నాయి. కాయ వేలిగోరంత. పసరు రంగు, లోపల పిక్క లేదు. పుప్పొడి పట్టని కాయ అలాగే ఉంటుందని అప్పటికి నాకూ తెలుసు. విచ్చుకోకముందే తొందరపడి కట్టినట్టున్నాను.

ఒక్క చెట్టు వట్టిగ పోయినా పంపమన్నాడు కదా. గౌడ నా వైపు చూడకుండానే అర్బాబ్‌కి ఎదురుగా పోయి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, అది నేనే అన్నట్టు తలూపాడు. రెండోసారి.

ముసలాయన ఒక కాయ తెంపి నోట్లో వేసుకున్నాడు. తాపీగా నమిలాడు. గౌడ మొహం చూశాడు, నా మొహం చూశాడు. బొంబాయిలో బాగుచేయించుకున్న కళ్ళు అవి.

"మాఫీ పిక్క," అన్నాడు. గౌడ దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్క అది. తన సగం ఊడిన పళ్ళు చూపించి నవ్వాడు. నా పళ్ళకి ఇవే మంచివి, ఈ చెట్టు ఇలాగే ఉండనీ అన్నాడు. గౌడ పాస్‌పోర్టు ఊసు మళ్ళీ రాలేదు.

ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడాయన అక్కడ. మళ్ళీ ఒక్క చెట్టూ గీయలేదు. చలికాలం వస్తే వేళ్ళు ముడుస్తూ విప్పుతూ తిరిగేవాడు, అంతే. మగ చెట్టు తేరుకుంది. కానీ ఖర్జూరం మానుకి గాటు పడితే పూడదు, ఆ ఎత్తునే ఉండిపోతుంది, చెట్టు దాని పైన పెరుగుతూ పోతుంది. దాన్ని చూపించి, చదువు రానోని నిశాని అనేవాడు, వేలిముద్ర అని. నేను ఎన్నోసార్లు ఆ సంగతి ఎత్తబోయాను. ప్రతిసారీ ఆయనకి ఏదో ఒక చెట్టు మీద పని గుర్తొచ్చేది.

స్టూలు గొడవ సద్దుమణిగాక, మా మేనల్లుడికి పని పురమాయించాను. వాడు లారీ మీద జగిత్యాల వైపు బియ్యానికి పోతుంటాడు. ఊరి పేరు చెబితే పట్టుకుని, ఫోను నంబరు తెచ్చాడు. పోయిన శుక్రవారం చేశాను. కొడుకు ఎత్తాడు. బాపు పోయిన చలికాలం పోయిండు అన్నాడు. నిద్రలోనే పోయాడట. ఖోర్ ఫక్కాన్‌లో పంపు మెకానిక్‌ని, నెల్లూరు సాయిబుని అన్నాను.

"ఓ, మీరా కాకా," అన్నాడా అబ్బాయి, ఎంతో కాలంగా ఎరిగినవాడిలాగా. "బాపు మీ ముచ్చట రోజు చెప్పేటోడు. మేం చిన్నప్పుడు మాట ఇనకుంటే, సాయిబు మాట ఇనక నేను అర్బాబ్ చెట్టు పాడు చేసిన, మీరన్న ఇనుర్రి, అని చెప్పేటోడు."

ఇంట్లో కూడా. సొంత బిడ్డలకి కూడా. నాకు ఇంక ఆగలేదు. లేదు బాబూ, మీ నాన్న తప్పు లేదు, నేనే మాట తప్పు విని తప్పు చెప్పాను, మొత్తం నాదే అని గబగబా చెప్పేశాను. అవతల నవ్వు వినబడింది. మంచి నవ్వు, వాళ్ళ నాన్నదే.

"బాపు అది కూడ చెప్పిండు కాకా. సాయిబు ఎప్పుడన్న ఫోన్ చేస్తే తప్పు తనదే అంటడు, నమ్మకుర్రి అన్నడు."

ఎంత చెప్పినా ఆ అబ్బాయి నమ్మలేదు. వాళ్ళ నాన్న మాట వినే పిల్లలు వాళ్ళు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఎవరైనా వాళ్ళకి చదివి వినిపించండి. హాదా ఫహల్ అంటే, ఇది మగ చెట్టు. మాఫీ గస్ అంటే, కొయ్యొద్దు. గౌడన్నా, ఆ రోజు అర్బాబ్ నీతో చెప్పమన్నది అది.